కార్డు గడువు దగ్గర పడుతోందా? జర్మనీ ఫారినర్స్ ఆఫీసులో పని జరిపించుకునే తీరు

మొన్న రాత్రి పదింటికి కరీంనగర్ అమ్మాయి ఒకతె ఫోన్ చేసింది. మాస్టర్స్ రెండో ఏడాది చదువుతోంది. "అక్కా, నా కార్డుకి ఇంకా తొమ్మిది రోజులే ఉంది. పొద్దున్నే లేచి చూసినా అపాయింట్‌మెంట్ దొరకట్లేదు. డేట్ దాటితే పంపించేస్తారా?" గొంతులో ఏడుపు తెలుస్తూనే ఉంది.

ఈ ప్రశ్న నాకు ఏటా ఇద్దరు ముగ్గురి నుంచి వస్తుంది. నేను 2019లో తెనాలి నుంచి జర్మనీ వచ్చాను. ముందు చదువు పర్మిట్, తర్వాత ఉద్యోగం వెతుక్కునే పర్మిట్, ఆ తర్వాత బ్లూ కార్డ్, అంటే డిగ్రీ ఉన్న ఉద్యోగులకి ఇచ్చే పర్మిట్. మూడింటికీ ఆ ఆఫీసు గడప తొక్కాను. విదేశీయులకి జర్మనీలో ఉండటానికి పర్మిట్, దాని కార్డు ఇచ్చే ఆఫీసు అది. జర్మన్‌లో దాని పేరు అవుస్‌లెండర్‌బెహోర్డె. మన పిల్లలంతా ఫారినర్స్ ఆఫీస్ అంటారు కాబట్టి నేనూ అలాగే రాస్తాను. అక్కడ నాతో చాలా మంచిగా ఉన్నవాళ్ళు ఉన్నారు, నన్ను ఏడిపించినవాళ్ళూ ఉన్నారు. అయితే నా పని జరగడం, జరగకపోవడం మాత్రం ఎక్కువగా నేను పంపిన కాగితాల మీదే ఆధారపడింది. అందుకే ఇందులో కాగితాల గురించే ఎక్కువ రాస్తున్నాను.

అపాయింట్‌మెంట్ వేరు, దరఖాస్తు వేరు

ఆ అమ్మాయికి ముందు చెప్పింది ఇదే. గడువు లోపల చేరాల్సింది నీ దరఖాస్తు. అపాయింట్‌మెంట్ రెండు నెలల తర్వాత వచ్చినా ఫరవాలేదు.

జర్మనీ నివాస చట్టంలో 81వ సెక్షన్, నాలుగో పేరా ఉంది. కార్డు గడువు ముగియకముందే పొడిగింపుకి గానీ, వేరే రకం పర్మిట్‌కి గానీ దరఖాస్తు పెడితే, ఆఫీసు నిర్ణయం చెప్పేదాకా పాత పర్మిట్ చెల్లుతున్నట్టే లెక్క. దాని మీద పని చేసుకునే హక్కు ఉంటే అదీ కొనసాగుతుంది. చదువుకో ఉద్యోగానికో నేషనల్ వీసా మీద వచ్చినవాళ్ళకి కూడా ఇది వర్తిస్తుంది. టూరిస్టు వీసా మీద వచ్చినవాళ్ళకి వర్తించదు. గడువు ఒక్క రోజు దాటాక పెట్టినా ఈ రక్షణ దానంతటదే రాదు. అప్పుడు ఆఫీసు దయ మీద ఉండాల్సి వస్తుంది.

మీ ఊరి ఆఫీసుకి ఆన్‌లైన్ దరఖాస్తు ఉంటే అందులోనే పెట్టండి. చివర్లో వచ్చే నిర్ధారణ పేజీని పీడీఎఫ్‌గా దాచుకోండి. ఆన్‌లైన్ లేకపోతే ఈమెయిల్ పంపి, అదే దరఖాస్తును సంతకం పెట్టి కాగితం మీద కూడా పంపండి. రిజిస్టర్డ్ పోస్టులో పంపితే రసీదు ఉంటుంది. టైమ్ లేకపోతే ఆఫీసు గోడకి ఉండే ఉత్తరాల పెట్టెలో మీరే వేయండి, పక్కన ఒక స్నేహితుణ్ణి ఉంచుకోండి. జర్మనీలో ఇప్పటికీ ఫ్యాక్స్ తీసుకునే ఆఫీసులు ఉన్నాయి. ఫ్యాక్స్ పంపితే తేదీ, టైమ్‌తో రిపోర్టు వస్తుంది, అది మంచి రుజువు. ఏ దారిలో పంపినా గడువు లోపల చేరిందని తర్వాత చూపించగలగాలి.

అపాయింట్‌మెంట్లు డబ్బుకి అమ్ముతామని వాట్సాప్ గ్రూపుల్లో మెసేజ్‌లు పెట్టేవాళ్ళు ఉంటారు. కొనకండి. అది ఆఫీసు ఉచితంగా ఇచ్చేది. వాళ్ళ చేతికి పోయేది మీ డబ్బుతో పాటు మీ పాస్‌పోర్ట్ కాపీ కూడా.

ఆ తొమ్మిది మెయిళ్ళు

2020 జనవరి. నా వీసా మార్చిలో అయిపోతుంది, మొదటి కార్డు కోసం వెళ్ళాను. హాల్లో నంబరు చీటీ తీసుకుని కూర్చున్నాను. స్క్రీన్ మీద నా నంబరు, పక్కన గది నంబరు వెలిగాయి. లోపల మా అమ్మ వయసు ఆవిడ. కూర్చోగానే కంప్యూటర్ స్క్రీన్‌ని నా వైపు తిప్పి చూపించింది. నేను పంపిన తొమ్మిది మెయిళ్ళు వరసగా ఉన్నాయి. ఏడింటికి సబ్జెక్టే లేదు. రెండింటికి "అర్జెంట్" అని ఉంది. లోపల ఫోన్‌తో తీసిన ఫొటోలు, పేర్ల బదులు అంకెలు. ఒక్కోటీ తెరిచి, ఇది బీమా, ఇది అద్దె ఒప్పందం అని ఆవిడే ఏరుకోవాల్సి వచ్చింది. పైగా ఒక్కో మెయిల్‌నీ కొత్త అర్జీలాగా తీసుకోవడంతో నా వరస వెనక్కి పోయింది.

అంతకంటే పెద్ద పొరపాటు ఫారంలో ఉంది. జర్మన్ ఫారంలో "నామె" అనే గడి ఉంటుంది. నేమ్ అనుకుని నా పేరు రాసేశాను. అక్కడ "నామె" అంటే ఇంటిపేరు. మన పేరుకి "ఫోర్‌నామె" అని వేరే గడి ఉంది. చాలా ఆఫీసుల్లో ఏ ఫైలు ఎవరు చూడాలన్నది ఇంటిపేరు మొదటి అక్షరాన్ని బట్టి పంచుతారు. దాంతో నా ఫైలు వేరే అక్షరం చూసే వాళ్ళ దగ్గరికి పోయి ఆరు వారాలు అక్కడే ఉండిపోయింది. మన ఊళ్ళో పెద్దవాళ్ళు ఇంటిపేరు ముందు రాసి పేరు తర్వాత రాస్తారు చూడండి, ఈ ఆఫీసులో సరిగ్గా ఆ వరసే కావాలి. పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ అని ఏది ఉంటే అదే, ఒక్క అక్షరం కూడా మార్చకుండా రాయండి.

అప్పటి నుంచి నేను పాటించేది, అందరికీ చెప్పేది ఇది. ఒకే మెయిల్, ఒకే పీడీఎఫ్. సబ్జెక్టులో ఇంటిపేరు, పేరు, పుట్టిన తేదీ, ఫైలు నంబరు ఉంటే అది, ఏం కావాలో నాలుగు మాటల్లో. ఫైలు నంబరుని ఆక్టెన్‌సైషెన్ అంటారు, వాళ్ళ నుంచి వచ్చిన ప్రతి ఉత్తరం పైభాగంలో ఉంటుంది. పీడీఎఫ్ మొదటి పేజీలో ఏ కాగితం ఎన్నో పేజీలో ఉందో జాబితా రాయండి. కాగితాల వరస కూడా వాళ్ళ వెబ్‌సైట్‌లో ఇచ్చిన వరసే ఉండాలి. మెయిల్ జర్మన్‌లో రాయండి. చట్టం ప్రకారం ఆఫీసు భాష జర్మన్. ఇంగ్లీష్‌లో రాస్తే జవాబివ్వకపోయినా వాళ్ళది తప్పు కాదు. ట్రాన్స్‌లేషన్ యాప్‌తో రాసినా ఫరవాలేదు, వాక్యాలు చిన్నవిగా ఉంచండి. పంపాక రెండు మూడు వారాలు ఆగండి. మళ్ళీ రాయాల్సి వస్తే కొత్త మెయిల్ పెట్టకుండా పాతదానికే రిప్లై ఇవ్వండి.

ఆ రోజు ఆవిడ నా మీద విసుక్కోలేదు. ఒక తెల్ల కాగితం తీసుకుని, ఇంకా ఏమేం కావాలో చేత్తో రాసిచ్చింది. తర్వాత వేలిముద్రలకి పిలిచింది. చలికి నా వేళ్ళు ఎండిపోయి పగిలి ఉన్నాయి. మిషన్ మీద ఎంత నొక్కినా ఎర్ర గీతే వస్తోంది. నాలుగోసారి కూడా అలాగే వచ్చేసరికి నాకు టెన్షన్ మొదలైంది. ఆవిడ సొరుగు లాగి తన హ్యాండ్ క్రీమ్ ట్యూబు నా ముందు పెట్టింది. రాసుకుని, రెండు నిమిషాలు ఆగి, టిష్యూతో తుడుచుకుని పెడితే పచ్చ గీత వచ్చింది. చలికాలంలో వెళ్ళేవాళ్ళు ముందురోజు రాత్రే చేతులకి కొబ్బరినూనె గానీ క్రీమ్ గానీ రాసుకోండి.

ఆవిడకి ఏదైనా ఇవ్వాలనిపించి, కార్డు తీసుకోవడానికి వెళ్ళినప్పుడు అమ్మ పంపిన పూతరేకులు చిన్న డబ్బాలో పట్టుకెళ్ళాను. ఆవిడ నవ్వింది కానీ తీసుకోలేదు. ప్రభుత్వ ఉద్యోగి కానుక తీసుకోవడం అక్కడ నేరం కిందికి రావచ్చు. మనం ప్రేమతో ఇచ్చినా వాళ్ళని ఇబ్బందిలో పెట్టినట్టే అవుతుంది. ఇంటికొచ్చి ఆఫీసు అడ్రసుకి ఒక ఉత్తరం రాశాను, ఫలానా రోజు ఫలానా గదిలో నాకు ఎంతో సాయం చేశారని. మీరు కూడా అలా రాయండి.

బల్ల ముందు కూర్చున్నాక

పది నిమిషాలు ముందు చేరండి. గంట ముందు వెళ్ళినా లోపలికి పిలవరు. ఐదు నిమిషాలు ఆలస్యమైతే మాత్రం ఆ అపాయింట్‌మెంట్ పోయినట్టే అనుకోండి. తలుపు పక్కన ఆ ఉద్యోగి ఇంటిపేరు రాసి ఉంటుంది. లోపలికెళ్ళగానే "గూటెన్ మోర్గెన్, ఫ్రావ్" అని ఆవిడ ఇంటిపేరు చేర్చండి, మగవాళ్ళయితే "హెర్". మనం పరిచయం లేని పెద్దవాళ్ళని మీరు అన్నట్టే వాళ్ళకి "జీ". "డు" అంటే నువ్వు. పొరపాటున కూడా అనకండి.

మనవాళ్ళకి ఒక అలవాటు ఉంది. పని చెప్పే ముందు కష్టం మొత్తం చెబుతాం. ఇంటి ఓనరు ఎలా మోసం చేశాడో, యూనివర్సిటీ రిజల్ట్ ఎందుకు ఆలస్యమైందో, నాన్నకి ఆపరేషన్ ఎప్పుడైందో అన్నీ మొదట్నుంచీ. అవన్నీ నిజాలే, కానీ అవతలి మనిషికి ఇరవై నిమిషాల్లో ఒక ఫైలు ముగించాలి. మొదటి వాక్యంలోనే మీకు ఏం కావాలో చెప్పండి: "చదువు పర్మిట్ పొడిగింపు కోసం వచ్చాను, గడువు లోపలే దరఖాస్తు పెట్టాను." తర్వాత కాగితాలు ముందు పెట్టండి. పాస్‌పోర్ట్‌కి కవరు తీసేయండి. ఒరిజినల్స్ ఒక పక్క, జిరాక్స్‌లు ఇంకో పక్క ఉంచుకోండి. ఆరోగ్య బీమాకి కార్డు జిరాక్స్ సరిపోదు, బీమా సంస్థ ఇచ్చే సభ్యత్వ పత్రం కావాలి. అడగ్గానే యాప్‌లో వచ్చేస్తుంది. అడ్రసు రిజిస్ట్రేషన్ కాగితం తప్పక పెట్టుకోండి. ఇల్లు మారిన రెండు వారాల్లోపు అది చేయించాలి, దానికి ఇంటి ఓనరు సంతకం పెట్టిన కాగితం కావాలి. ఇది చేయించకపోతే మీ ఫైలు ఏ ఊరి ఆఫీసు చూడాలన్నదే తేలదు.

ఇంకో చిన్న సంగతి. హ్యాండ్ క్రీమ్ ఇచ్చిన ఆవిడ అంతా అర్థమైందా అని అడిగితే నేను మన పద్ధతిలో తల పక్కకి ఊపాను. ఆవిడ కాదని అనుకుని మొత్తం మళ్ళీ చెప్పింది. రెండోసారి కూడా తలే ఊపాను. అక్కడ అవునంటే తల పైకీ కిందికీ ఊపాలి, లేదా నోటితో "యా" అనాలి. సంతకం పెట్టే ముందు ఇలాంటి పొరపాటు జరిగితే మీరు ఒప్పుకోలేదనుకుంటారు.

జర్మన్ రాకపోయినా మూడు మాటలు నేర్చుకుని వెళ్ళండి. "బిట్టె లాంగ్‌జామ్", కాస్త నెమ్మదిగా చెప్పండి. "వాస్ ఫేల్ట్ నోఖ్?", ఇంకా ఏం తక్కువైంది? "క్యోనెన్ జీ మియర్ దాస్ బిట్టె ష్రిఫ్ట్‌లిష్ గేబెన్?", దీన్ని దయచేసి రాసివ్వగలరా? మూడోది అన్నిటికంటే ముఖ్యం. భాష వచ్చిన స్నేహితుణ్ణి వెంట తీసుకెళ్ళే హక్కు కూడా మీకుంది. మాట్లాడటానికి వెళ్ళేటప్పుడు తోడు తెచ్చుకోవచ్చని పరిపాలనా విధాన చట్టం 14వ సెక్షన్‌లోనే ఉంది. వాళ్ళు మీ తరఫున గొడవపడకూడదు, పక్కన కూర్చుని చెప్పింది చెప్పినట్టు మీకు వినిపిస్తే చాలు.

మాట పడాల్సి వచ్చినప్పుడు

2023 చివర్లో ఉద్యోగం వచ్చి బ్లూ కార్డ్‌కి వెళ్ళినప్పుడు వేరే ఉద్యోగి ఉన్నాడు. నా జర్మన్ అప్పటికి ఓ మోస్తరుగా ఉండేది. ఒక ప్రశ్న అర్థంకాక మళ్ళీ చెప్పమని అడిగాను. "ఇన్నేళ్ళు ఇక్కడుండి భాష రాదా?" అని గట్టిగా అన్నాడు. తలుపు తెరిచే ఉంది, బయట కూర్చున్నవాళ్ళు తిరిగి చూశారు. తర్వాత నేను తెచ్చిన కాగితాలు చాలవని, వెబ్‌సైట్ జాబితాలో లేని ఒకదాని పేరు చెప్పి పంపించేశాడు. నేను నోరెత్తకుండా బయటికొచ్చి, ట్రామ్ స్టాప్‌లో కూర్చుని ఏడ్చాను.

ఆ రాత్రి మా ఆఫీసులో పనిచేసే జర్మన్ స్నేహితురాలు చెప్పిన సలహానే ఇప్పుడు నేను అందరికీ చెబుతున్నాను. అతను అన్న మాట గురించి ఒక్క ముక్క కూడా రాయకుండా మెయిల్ పెట్టాను: "ఈ రోజు ఫలానా టైమ్‌కి వచ్చాను. ఈ కాగితాలు ఇచ్చాను. ఇంకా ఏయే కాగితాలు కావాలో, ఏ నిబంధన ప్రకారం కావాలో రాతపూర్వకంగా తెలియజేయగలరు." పన్నెండు రోజులకి ఉత్తరం వచ్చింది. అతను అడిగిన కాగితం అందులో లేనే లేదు. కంపెనీ నింపి సంతకం పెట్టాల్సిన ఉద్యోగ వివరాల ఫారంలో ఒక పేజీ తక్కువైందని మాత్రమే రాశారు. మర్నాడే పంపాను.

నోటిమాటగా కాదన్నది తిరస్కరణ కాదు. నిజంగా కాదంటే ఉత్తరం రావాలి, అందులో కారణం ఉండాలి, చివర్లో ఎక్కడ, ఎన్నాళ్ళలో అప్పీలు చేసుకోవచ్చో ఉండాలి. మామూలుగా ఆ గడువు ఒక నెల, ఉత్తరం చేతికందిన రోజు నుంచి లెక్క. పోస్టు కవరు మీది తేదీ కూడా దాచుకోండి. అసలు జవాబే రాకపోతే, మూడు నెలలు గడిచాక, సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తున్నారని కోర్టుకి వెళ్ళే దారి ఉంది. కోర్టు దాకా వెళ్ళకముందే లాయరు ఉత్తరం ఒకటి పోతే ఫైలు కదలడం నాకు తెలిసినవాళ్ళ విషయంలో చూశాను.

లాయరు ఖర్చు పెట్టుకునే ముందు ఉచితంగా సలహా ఇచ్చేవాళ్ళ దగ్గరికి వెళ్ళండి. కారిటాస్, డియాకోనీ, ఆవో, జర్మన్ రెడ్‌క్రాస్ లాంటి సంస్థలు చాలా ఊళ్ళలో వలసదారులకి సలహా కేంద్రాలు నడుపుతున్నాయి, ఫెడరల్ ప్రభుత్వం నిధులు ఇస్తుంది. వాళ్ళు ఆఫీసుకి ఫోన్ చేసి మాట్లాడతారు కూడా. చదువుకునేవాళ్ళు ముందు యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుకి వెళ్ళండి. ఉద్యోగి ప్రవర్తన మీద పై అధికారికి ఫిర్యాదు చేసే పద్ధతీ ఉంది, కానీ దాన్ని మీ దరఖాస్తుతో కలిపి రాయకండి. కలిపితే రెండూ నానుతాయి.

మధ్యలో ఇండియా వెళ్ళాల్సి వస్తే

దరఖాస్తు పెట్టి కార్డు కోసం ఎదురుచూసే రోజుల్లో ఒక తాత్కాలిక పత్రం ఇస్తారు. ఫిక్సియోన్స్‌బెషైనిగుంగ్ అంటారు, ఫీజు 13 యూరోలు. అడగనిదే ఇవ్వని ఆఫీసులు ఉన్నాయి, కాబట్టి దరఖాస్తులోనే అడగండి. అందులో మూడు గడులు ఉంటాయి, ఒకదానికి టిక్కు పెడతారు. 81వ సెక్షన్ నాలుగో పేరా గడికి టిక్కు ఉంటే ఇండియా వెళ్ళి తిరిగి జర్మనీలోకి రావచ్చు. మూడో పేరా గడికి ఉంటే దాని మీద తిరిగి రాలేరు. టికెట్ కొనే ముందు ఆ టిక్కు చూసుకోండి. అర్థంకాకపోతే ఆఫీసులోనే వేలు పెట్టి చూపించి అడగండి.

2024 మాఘమాసంలో మా చెల్లి పెళ్ళి. నా చేతిలో ఉన్నది ఆ కాగితం, గడువు దాటిన పాత కార్డు, పాస్‌పోర్ట్. వెళ్ళడం బాగానే వెళ్ళాను. తిరిగొచ్చేటప్పుడు శంషాబాద్‌లో కౌంటర్ దగ్గర అబ్బాయి కార్డు చూసి "ఇది ఎక్స్‌పైర్ అయింది మేడమ్" అని పక్కన నిలబెట్టాడు. ఆ కాగితం జర్మన్‌లో ఉంటుంది, అతనికి తెలియదు, అతని తప్పు కాదు. నేను గడి చూపించాను, జర్మన్ ప్రభుత్వ సైట్‌లో దీని మీద ఉన్న ఇంగ్లీష్ వివరణ ప్రింట్ తీసి ఉంచుకున్నాను, అదీ ఇచ్చాను. అతను ఎవరికో ఫోన్ చేశాడు. నలభై నిమిషాలు పట్టింది. చేతికి ఇంకా గోరింటాకు ఉంది, బోర్డింగ్ పాస్ ఇచ్చేదాకా ఆ చేతుల్లో చెమటే. ఈ కాగితంతో ప్రయాణం చేస్తే మూడున్నర గంటల ముందే ఎయిర్‌పోర్ట్ చేరండి. పాత కార్డు పారేయకండి, రెండూ కలిపే చూపించాలి. వేరే షెంగెన్ దేశంలో (ఉమ్మడి వీసా నడిచే యూరప్ దేశాలు) విమానం మారకుండా నేరుగా జర్మనీలో దిగేలా టికెట్ తీసుకోండి. 2024 జనవరి నుంచి హైదరాబాద్–ఫ్రాంక్‌ఫర్ట్ నేరుగా విమానం ఉంది.

లెక్కలు, చివరి పనులు

చదువు పర్మిట్‌కి డబ్బు రుజువు నెలకి 992 యూరోల చొప్పున, ఏడాదికి 11,904 చూపించాలి. 2024 సెప్టెంబరు నుంచి ఇదీ లెక్క. విద్యార్థులు ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పని చేయొచ్చు. జీతం స్లిప్పులు అడిగినప్పుడు ఈ లెక్క దాటితే ఇబ్బంది అవుతుంది కాబట్టి రోజులు ఒక పుస్తకంలో రాసుకోండి. మొదటి కార్డు ఫీజు 100 యూరోలు, పొడిగింపుకి 93. 2025 మే నుంచి ప్రింట్ ఫొటోలు తీసుకోవడం లేదు. ఫొటో డిజిటల్‌గా తీయించి కోడ్ కాగితం పట్టుకెళ్ళాలి.

కార్డు బెర్లిన్‌లోని ప్రభుత్వ ముద్రణాలయంలో తయారై వస్తుంది, నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తీసుకునేటప్పుడు అక్కడే నిలబడి పేరు, పుట్టిన తేదీ, గడువు చూసుకోండి. దాంతో పాటు పచ్చ కాగితం ఇస్తే అది కూడా చదవండి. పని షరతులు, కంపెనీ పేరు అందులోనే ఉంటాయి. నా పచ్చ కాగితంలో కంపెనీ పేరులో ఒక అక్షరం తప్పు పడింది. అక్కడే చెప్పాను కాబట్టి పది నిమిషాల్లో మార్చి ఇచ్చారు.

కరీంనగర్ అమ్మాయి ఆ రాత్రే దరఖాస్తు జర్మన్‌లో రాసింది, నేను ఫోన్‌లో చదివించుకున్నాను. మర్నాడు పొద్దున క్లాసుకి వెళ్తూ ఉత్తరాల పెట్టెలో వేసి, ఫొటో తీసి పంపింది. మూడు వారాలకి తాత్కాలిక పత్రం వచ్చింది. "అక్కా, ఏ గడికి ఉందో చూడవా" అని ఆ ఫొటో కూడా పంపింది. నాలుగో పేరా గడికే ఉంది. కొత్త కార్డు వచ్చాక దాని గడువుకి మూడు నెలల ముందు తేదీ ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోమన్నాను, పెట్టుకుని స్క్రీన్‌షాట్ పంపుతానంది.